పద్నాలుగో ప్రశ్న

కాశీబుగ్గలో కరెంటు పోయిన రాత్రి
ఎమర్జెన్సీ లైటు కింద పేపర్లు దిద్దుతున్నాను.
జీడి బట్టీల పొగ కిటికీలోంచి వచ్చి
గొంతులో కూచుంది.
పద్నాలుగో ప్రశ్న: ఉపమాలంకారాన్ని వివరించి ఉదాహరణ రాయండి.
నలభై రెండు పేపర్లలో నలభై ఒక్క చంద్రుళ్ళు.
"ఆమె ముఖము చంద్రబింబము వలె నున్నది."
ఎవరామె? ఒక్కరూ చెప్పరు.
నేనూ చెప్పలేదు. పాతికేళ్ళ కింద
టెక్కలిలో నాకు పాఠం చెప్పినావిడా చెప్పలేదు.
తలా రెండు మార్కులు వేసుకుంటూ పోయాను.

తామాడ నీలవేణి పేపర్లో చంద్రుడు లేడు.
"మా అమ్మ చేతులు జీడిపిక్కల వలె నల్లగా ఉన్నవి."
చేతులు ఉపమేయం, పిక్కలు ఉపమానం,
నలుపు సమానధర్మం, 'వలె' ఉపమావాచకం.
నాలుగు కాళ్ళ మీదా నిలబడింది వాక్యం.
పూర్ణోపమ. నాలుగుకి నాలుగు.
పక్కన ఎర్రసిరాతో "భేష్" అని కూడా రాశాను.

మర్నాడు పేపర్లు పంచాక వచ్చి నిలబడింది.
"మేడమ్, ఇది పోలిక కాదండి.
పరీక్షని 'వలె' పెట్టినాను గానీ
ఆ నలుపు పిక్కదేనండి. జీడి నూనె.
సబ్బెట్టి తోమినా పోదండి."

పోలికకి రెండుండాలి కదా,
ఇదీ, అదీ, మధ్య కాస్త ఎడం.
ఎడం లేకపోతే రూపకం, అని నోటిదాకా వచ్చింది.
అదీ కాదు. రూపకంలో ఆరోపించేవాడొకడుండాలి.
ఇక్కడెవరూ ఏదీ ఆరోపించలేదు,
బల్ల ముందు కూచుని
రోజుకిన్ని కిలోలని కొట్టారు, అంతే.
"స్వభావోక్తి" అన్నాను చివరికి,
"ఉన్నదున్నట్టు చెప్పడం."
"పేరు మారితే మార్కులు పోతాయాండి?"
పోవన్నాను.
వెళ్ళి కూచుని, నా ఎర్ర భేష్ మీద
తడి వేలు పెట్టి రుద్ది చూసింది.

పదిహేనో ప్రశ్న అతిశయోక్తి.
మడ్డు ఢిల్లేశ్వరరావు రాశాడు:
"గాలికి మా ఇంటి రేకు లేచిపోయి
పక్క ఊరి కొబ్బరిచెట్టుకి చొక్కా అయ్యింది."
నవ్వుకున్నాను. మార్కులు వేయబోయి ఆగాను.
నిరుడు అక్టోబరులో ఆ చెట్టుని నేనూ చూశాను.
మొవ్వు లేదు, రేకు ఉంది.
నాలుగు నెలలు వీడు టార్పాలిన్ కింద చదువుకున్నాడు.
ఉదాహరణ తప్పు. నిజాన్ని తప్పని ఎలా కొట్టను?
ఆ తుఫానుకి సీతాకోకచిలుక పేరు పెట్టినవాళ్ళకి
ఏ అలంకారం కింద ఎన్ని మార్కులెయ్యాలో
అదీ నాకు తెలీదు.

శనివారం తల్లిదండ్రుల సమావేశం.
పారమ్మ షిఫ్టు మధ్యలో వచ్చింది,
మెట్టు మెట్టుకీ ఆగుతూ.
"పిక్కలు కొట్టీ కొట్టీ పిక్కలు పట్టీసినాయమ్మా"
అని నవ్వింది, కాలు రాసుకుంటూ.
ఆ పొద్దున్నే మూడో పీరియడ్లో శ్లేష చెప్పాను.
ముప్పావుగంట. ఎవరికీ ఎక్కలేదు.

రిజిస్టరు జరిపాను. ఇంకుపెట్టె తెరిచాను.
బొటనవేలు అద్దింది. గీతల్లేవు.
నున్నటి మచ్చ. మళ్ళీ అద్దింది, మళ్ళీ మచ్చే.
"రేషను షాపు మిషనూ ఇలగే అంటాదమ్మా,
నాను నాను కానంటాది."
అన్న మాట కింద ఇంకో మాట వినబడితే
దాన్ని ధ్వని అంటారని
ఏటేటా బోర్డు మీద రాస్తాను.
సుద్దముక్క చేతిలోనే ఉంది.

"మా గుంట పెడతాది లెండి సంతకం."
నీలవేణి పెన్ను మూత తీసింది.
మచ్చ పక్కనే, గుండ్రంగా, తొందర లేకుండా,
తకి దీర్ఘం, మకి దీర్ఘం, డ,
తామాడ పారమ్మ.
పేరు చివర ఒక చుక్క పెట్టింది.